పక్షుల గదిలో నిప్పు

ఆల్డర్‌కోట్ బంగళాను యజమానులు పన్నులు కట్టలేక పాత కట్టడాలను కాపాడే ఒక సంఘానికి అప్పగించినప్పుడు, పాత సామానుతో పాటు మిసెస్ కాపర్ కూడా అక్కడే ఉండిపోయింది. ఆమెకు పెళ్లి కాలేదు. ఇంటి పెత్తనం చూసే ఆవిడను 'మిసెస్' అని పిలవడం అక్కడి మర్యాద. నేను బడి మానేసి ఆమె కింద పనికి కుదిరాను.

ఆమె ప్రాణమంతా తూర్పు గదిలో ఉండేది. గోడల నిండా చేత్తో పక్షులను చిత్రించి అతికించిన పాతకాలపు కాగితం. పూర్వం నవంబర్ రాగానే ఆ గది గోడలోని చలిపొయ్యిలో నిప్పు రాజేసేవారట. సంఘం వచ్చాక అది మానిపించారు. గది ఎప్పుడూ ఒకేలా చల్లగా ఉండాలన్నారు.

ఆ ఏడు వాన వదల్లేదు. గోడ మీది నెమలి తోకకు బూజు పట్టింది. సంఘం తరఫున వచ్చే మిస్టర్ లాంబోర్న్‌కు ఆమె చూపించింది.

"జనవరిలో దీన్ని బాగుచేసే మనుషులు లండన్ నుంచి వస్తారండీ. అందాకా ముట్టుకోకండి."

"జనవరికల్లా దీనికి గడ్డం కూడా మొలుస్తుంది బాబూ."

"నిప్పు మాత్రం వద్దు, మిసెస్ కాపర్."

"మిమ్మల్ని మీ అమ్మ చలిలోనే పెంచిందా?"

ఆయన నవ్వేసి వెళ్లాడు. ఆమె నవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను బొగ్గులు తెమ్మంది.

"ఆయన వద్దన్నారు కదమ్మా."

"ఆయన పుట్టకముందు ఈ గోడల్ని ఎవరు కాపాడారు? తే అమ్మాయ్, వాదించకు."

మంట బాగా అందుకుంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలా రోజులకు ఆమె మొహం తేటపడింది. కాసేపటికి పటపటమని చప్పుడు. బొగ్గులనుకున్నాం. తడిసి నానిన కాగితం ఒక్కసారిగా ఎండి, బిగుసుకుని, గోడను వదిలేస్తోంది. కొంగ మెడ దగ్గర చిరిగి వేలాడింది. ఆమె పరుగున వెళ్లి రెండు చేతులతో అదిమిపట్టింది. నెమలి నీలం ఆమె అరచేతులకు అంటుకుంది.

"ఆర్పు! బూడిద కప్పెయ్!"

నేను కప్పేసరికే ఆ గోడంతా ఊడింది.

లాంబోర్న్ వచ్చి చూశాడు. ముక్కలేరించి, గదికి తాళం వేయించాడు. ఆమెను మాత్రం పనిలో ఉండమనే అన్నాడు.

ఆ తర్వాత ఆమె తన గదిలో కూడా నిప్పు వెయ్యనివ్వలేదు. కోటు తొడుక్కునే పడుకునేది. ఫిబ్రవరిలో దగ్గు ముదిరింది. డాక్టరు గది వెచ్చగా ఉంచమని గట్టిగా చెప్పి వెళ్లాడు. నేను పొయ్యి ముందు కూర్చుని అగ్గిపుల్ల గీశాను. ఆమె మంచం దిగి వచ్చి, వంగి, ఊది ఆర్పేసింది.