ఇసుక కప్పిన నిప్పు

నా చిన్నప్పుడు పొయ్యి ముట్టించడం రాని ఆడపిల్ల మా పల్లెలో ఒక్కతీ లేదు. ఎనిమిదేళ్ళకే చెనిక్కాయ పొట్టు రాజేసి, మూడు రాళ్ళ మీద సంగటికి ఎసరు పెట్టిన ఘనురాలిని నేను. మాది పులివెందుల వైపు పల్లె. పదకొండో ఏట నన్ను జమ్మలమడుగులో ఆడపిల్లల హాస్టల్లో చేర్చారు. అక్కడ మాకు మంట వేయడం నేర్పిస్తామన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇదేం చోద్యం, నిప్పు ముట్టించడం కూడా ఒక చదువేనా అని పక్క పిల్లతో అన్నాను. నాకు నోరెక్కువ అప్పుడు. ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

నేర్పించేది హాస్టల్లో వంట చేసే పెద్దామె. మేమంతా ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం పదిమంది పిల్లలను పెన్నేటికి తీసుకుపోయి, ఆరుబయట వండుకు తినడం నేర్పించాలని ఆమె కోరిక. గోడ చాటున పొయ్యి వెలిగించడం వేరు, గాలిలో మంటను అదుపులో పెట్టుకోవడం వేరు అనేది. హాస్టలు బాధ్యత చూసే టీచరమ్మకు అది ఇష్టం లేదు. పెద్దమ్మ వారం రోజులు వెంటపడి అడిగితే, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఒక్కరికి కాలి బొబ్బ లేచినా ఇక ఏటికి పోవడం ఉండదు. మాకేమో హాస్టలు గేటు దాటి బయటికి పోయే రోజు అదొక్కటే. ఆ సాయంత్రం మీద ఆశతోనే వారమంతా ఈడ్చేవాళ్ళం.

ఏట్లో నీళ్ళు పారడం అరుదు, ఎటు చూసినా ఇసుకే. చేతులతో చెలమ తీస్తే గుంటలో నీళ్ళు ఊరేవి. పక్కన రెండు బిందెలు నిండితే తప్ప పెద్దమ్మ అగ్గిపెట్టె కట్టుకున్న కొంగు ముడి విప్పేది కాదు. జడలు ముడి వేసుకున్నామా, పావడ కుచ్చెళ్ళు పైకి దోపుకున్నామా అని ఒక్కొక్కరినీ తిప్పి చూసేది. పిడికెడు ఇసుక జారవిడిచి గాలి ఎటు పోతోందో మాతోనే చెప్పించేది. ఎండిన రెల్లు దుబ్బులకు దగ్గరగా ఎవరైనా రాళ్ళు పేరిస్తే, ఏమీ అనకుండా ఒక్కొక్క రాయే తీసి నడి ఇసుకలో పెట్టేది. కిరసనాయిలు పేరెత్తితే మాత్రం ఆ రోజు ఆ పిల్లకు కూరగాయలు తరిగే పనే. ఇన్ని పద్ధతులెందుకో అని నేను లోపల విసుక్కునేదాన్ని.

మూడో శనివారం పొయ్యి నా వంతు. తుమ్మకంపతో మంట బాగా వచ్చింది, అన్నం చిమిడిపోకుండా దిగింది, అందరూ మెచ్చుకున్నారు. తిన్నాక పిల్లలంతా తొక్కుడుబిళ్ళ ఆటకు పరిగెత్తారు. నాకు మనసంతా అక్కడే ఉంది. కట్టెలు దగ్గరికి తోసి, రెండు చేతులా ఇసుక ఎత్తిపోసి, పైన నున్నగా చదును చేశాను. అక్కడ మంట వేసిన గుర్తే లేదు. పని ఎంత శుభ్రంగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకుని ఆటకు పోయాను.

కాసేపటికి పెద్దమ్మ చెలమ దగ్గర గిన్నెలు కడిగి, చంకలో బిందెతో వట్టి కాళ్ళతో వస్తూ సరిగ్గా ఆ చోట అడుగు వేసింది. ఆమె అరవలేదు. చంకలో బిందెను మెల్లగా కిందికి దించి, ఆ తర్వాతే కూలబడింది. ఎడమ అరికాలు ఎర్రగా పొంగింది. ఒక పిల్ల వెన్న రాయాలంది, ఇంకొక పిల్ల సిరా పూయాలంది. "ఏమీ వద్దు. సల్లనీళ్ళు పోచ్చానే ఉండండి," అంది పెద్దమ్మ. మేము వంతులవారీగా చాలాసేపు పోశాం. అది కాలిందని, నా వల్ల కాలిందని తెలిసినా, సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ముందు ఆమె కాలు గుర్తుకు రాలేదు. శనివారాలు పోయాయి, అందరూ నన్నే తిడతారు అన్నదే తట్టింది.

ఆమె నన్ను తిట్టలేదు. నొప్పితో పళ్ళు బిగించుకునే ఒక మాట అడిగింది. "మీ ఇంట్లో రాత్రి పొయ్యిలో నిప్పు మింద బూడిద ఎందుకు కప్పుతారుమే?"

"తెల్లారేదాకా నిప్పు ఆరిపోకుండా," అన్నాను. మా అమ్మ రోజూ చేసే పని, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని. ఇసుకతో నేను చేసిందీ అదే. నిప్పును ఆర్పలేదు, దాచిపెట్టాను.

మరునాడు వంటింట్లో నేను ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, వలుస్తుంటే టీచరమ్మ వచ్చారు. పెద్దమ్మ కాలికి ఆసుపత్రిలో కట్టిన కట్టు చూసి ఏం జరిగిందని అడిగారు. నా చేతులు ఆగిపోయాయి. పెద్దమ్మ మాత్రం సంగటి కెలుకుతూనే, "ముట్టించేది నేర్పించినా గానీ, ఆర్పేది నేర్పించలేదమ్మా. తప్పు నాదే," అంది. ఆ మాట వింటూ ఊరకే కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి, కప్పింది నేనే అని చెప్పేశాను. ఏడుపు వచ్చింది, దాన్ని ఎర్రగడ్డల మీదికి తోసెయ్యడానికి కూడా వీల్లేకపోయింది. టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, షరతు షరతే అన్నారు. పెద్దమ్మ బతిమాలింది. ఇంకొక్క శనివారం ఇమ్మంది. దానికి మించి ఇంకోటి కూడా అడిగింది. "ఈసారి ఈ పాపే ఆర్పుతాది. మీరూ వచ్చి చూడండి."

టీచరమ్మ చివరికి సరేనన్నారు. నన్ను మంట దగ్గరికి రానివ్వరనుకున్నాను. అలాగైతే ఎంత బాగుండేదో అనుకున్నాను కూడా.

ఆ శనివారం టీచరమ్మ గొడుగు వేసుకుని వచ్చారు. భోజనాలయ్యాయి. పెద్దమ్మ దూరంగా కూర్చుని చెప్తుంటే నేను చేశాను. నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరిస్తే ఆవిరి ముఖానికి కొడుతుందని పక్కగా నిలబడి కొంచెం కొంచెం పోశాను. పుల్లతో కెలికాను. కాలీకాలని కట్టెలు తిరగేసి మళ్ళీ పోశాను. బుసబుస ఆగిపోయింది, పొగ ఆగిపోయింది. అరచేతి వెనక భాగం పైన పెట్టి చూశాను, సెగ లేదు. అయిపోయిందన్నాను.

పెద్దమ్మ లేచి కుంటుకుంటూ వచ్చింది. బాగున్న కాలి చెప్పు విడిచింది. "నడవాల్నా?" అని అడిగింది.

నేను ఊ అనబోయాను. టీచరమ్మ చూస్తున్నారు, పిల్లలందరూ చూస్తున్నారు, పొద్దు వాలుతోంది. పెద్దమ్మ పక్కనున్న పిల్ల భుజం పట్టుకుని ఆ వట్టి కాలు పైకెత్తింది. నా కళ్ళు ఆ కాలి మీదే ఉన్నాయి. అప్పటికే ఒక కాలు కాల్చాను.

"ఉండు పెద్దమ్మా," అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, ఈసారి అంచుల వెంబడి చెయ్యి తిప్పుకుంటూ పోయాను. రాయి కిందికి దూరిన ఒక కంప మొద్దు దగ్గర సెగ తగిలింది. పుల్లతో పెళ్ళగిస్తే ఎర్రటి నిప్పు. మళ్ళీ చెలమకు పోయాను. రెండు బిందెలు తెచ్చాను. నేను చేసిన ఆలస్యానికి టీచరమ్మ గొడుగు మూసి ఇసుకలోనే కూర్చున్నారు. కెలికి, పోసి, కెలికి, చివరికి ఆ బూడిద బురదలో నా అరచెయ్యి పూర్తిగా ఆనించి కొంతసేపు ఉంచాను. అప్పుడు చెప్పాను, ఇంక నడువు అని.

పెద్దమ్మ మారుమాట అడగలేదు. వట్టి కాలు ఆ బూడిద నడిమధ్యలో పెట్టి, బరువంతా దాని మీదే మోపి నిలబడింది. "సల్లగుంది," అంది టీచరమ్మ వైపు తిరిగి. నాకు ఏడుపాగలేదు. నేను ఆ హాస్టల్లో ఉన్నన్నేళ్ళూ శనివారాలు ఆగలేదు.

తర్వాత నేనూ టీచరునై ప్రొద్దుటూరులో చాలా ఏళ్ళు పనిచేశాను. రిటైరయ్యాక కూడా పిల్లలను గుట్టల్లోకి తీసుకుపోయేటప్పుడు కొన్ని స్కూళ్ళవాళ్ళు నన్ను పిలుస్తుంటారు. ఈ కాలం పిల్లలకు అగ్గిపుల్ల గీయడమే కొత్త, పాపం, గీసి వెంటనే పారేస్తారు. వాళ్ళను చూసి నేను నవ్వను. అన్నీ వచ్చనుకున్న పిల్ల ఏం చేసిందో నాకు తెలుసు. మొన్న పులివెందుల దగ్గర మంట ఆర్పే వేళకు బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. నీళ్ళు పోసినాము గదా, ఇంగ లేటవుతాంది, రాండి మేడమ్ అన్నాడు. నా మోకాళ్ళు వంగడానికి మొరాయిస్తాయి. అయినా కూర్చుని, పిల్లల చేతులతో పాటు నా చెయ్యి కూడా బూడిద మీద పెట్టి, "ఉండప్పా," అన్నాను.

వంటలోనైనా, సంతకంలోనైనా, ఎవరికైనా ఇచ్చే సలహాలోనైనా ఆ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. ఎంతమంది విసుక్కున్నా సరే, ఇంకొకసారి చూస్తాను. పెద్దమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. నా మాట కోసం ఆగి, గాలిలో నిలిపిన ఆమె కాలు మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.