మూత పలకాలి

జబీవుల్లాకు మూత పిచ్చి. పేకాట పిచ్చి ఉన్నవాళ్ళను చూశాను, సినిమా పిచ్చి ఉన్నవాళ్ళను చూశాను, ఎన్నికకొక జెండా పట్టుకుని తిరిగే పిచ్చివాళ్ళనూ చూశాను. మూత పిచ్చి ఉన్న మనిషి మాత్రం ఉదయగిరి మొత్తానికి ఇతనొక్కడే. మూత లేని వస్తువు కంటబడితే అతనికి అన్నం సయించదు. మూత ఉండీ అది డబ్బాకు అతుక్కుని లేకపోతే ఇంకా బాధ. "డబ్బా ఒక చోట, మూత ఒక చోట. అదేం కాపురం అక్కా?" అంటాడు.

బస్టాండు గోడ పక్కన అతనిది గొడుగులు రిపేరు చేసే బంకు. దాన్ని ఆనుకుని రేకుల పంచలో నాది చిరుతిళ్ళ కొట్టు. చెక్కలు, మురుకులు, బెల్లం గవ్వలు. నా పేరు లిదియమ్మ. మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతిలో నాకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ కనబడక మానేశాను.

జబీవుల్లా సంగతి చెప్తున్నాను గదా. ఒకసారి ఇంట్లో అన్నం గిన్నెకు మడతబందు వేసి మూత బిగించాడు, తలుపుకు బిగించినట్టు. అతని భార్య మస్తాన్బీ గంజి వార్చబోతే ఆ మూత తిరిగొచ్చి నుదుటి మీద కొట్టింది. పాపం ఆ మనిషి అంత బొప్పితో తిరుగుతూ, అడిగినవాళ్ళందరికీ "మా గిన్నె కొట్టింది" అని చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. నేనొక్కదాన్నే నమ్మాను.

బస్టాండులో మంచినీళ్ళ కుండకు దానంతటదే పడే మూత పెట్టాడు. నీళ్ళు ముంచుకోబోయిన ఆత్మకూరు బస్సు కండక్టరు వేళ్ళు అందులో ఇరుక్కున్నాయి. ఆ రోజు ఆయన టిక్కెట్లు ఎడం చేత్తో చింపుతూ, నోటితో జబీవుల్లాను చింపుతూ ఆత్మకూరు దాకా పోయాడు.

మా చర్చి పెద్ద ప్రేమానందం తాత పోయినప్పుడు జబీవుల్లా కూడా వచ్చాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఇతను శవపెట్టె దగ్గర వంగి మడతబందులు తడిమాడు. "మంచి పనక్కా" అన్నాడు నా చెవిలో. "దీనికి గడియ మాత్రం అవసరం లేదులే." ఆ దుఃఖంలో నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు.

ఏ మూత చేసినా, వేసి చెవి ఆనించి వింటాడు. "మూసినామని మనం అనుకుంటే చాలదు. మూత పలకాల. టక్ అని అదే చెప్పాల."

ఇది తొంభై అయిదు నాటి మాట. ఆ ఏడు ఎండలు మొదలైనప్పుడు ఒక పొద్దున లేచేసరికి నా ఎడం చెయ్యి నా మాట వినడం మానేసింది. వేళ్ళు కదులుతాయి, పట్టు లేదు. నెల్లూరు డాక్టరు పక్షవాతం చిన్నగా తగిలి పోయిందనీ, ఆ చెయ్యి ఇక ఇంతేననీ చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఊరంతా వచ్చి 'అయ్యో' అంటుంటే కూర్చుని వినే ఓపిక నాకు లేదు. అన్నిటికీ మించి, ఆత్మకూరులో ఉన్న మా అమ్మాయి రూబీకి తెలిస్తే కొట్టు మూయించి తీసుకుపోతుంది. మంచి పిల్లే. కానీ దాని ఇంట్లో నేను టీవీ ముందు కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరాలి. నాకు బస్సులు కావాలి, జనం కావాలి, నోటికి పని కావాలి. అందుకని ఎడం చెయ్యి కొంగు కింద పెట్టుకుని, గొప్పింటి ఆడమనిషిలా ఠీవిగా కూర్చోవడం నేర్చుకున్నాను. పిండివంటలు చెయ్యడానికి రామలక్ష్మమ్మ ఉంది. అమ్మడమే నా పని.

ఆ అమ్మడంలోనే వచ్చింది చిక్కు. గాజు సీసాల మూతలు ఒంటి చేత్తో తిప్పలేక ఊరికే పైన పెట్టి ఉంచేదాన్ని. కొండ మీది కోతులు అది పసిగట్టాయి. వాటికి పెద్ద ఒకటుంది. టైము తప్పకుండా వచ్చి, బస్సుల టైములు రాసుకునే కంట్రోలరు బల్ల మీద కూర్చునేది కాబట్టి అందరూ దాన్ని 'కంట్రోలరు' అనే పిలిచేవాళ్ళు. ఆ కంట్రోలరు గవ్వలు తినడమే కాక సీసాలు కింద పడేసి పగలగొట్టాడు. పాత చీరలు తీసుకుని ప్లాస్టిక్ సామాను ఇచ్చేవాడు వస్తే మూడు మంచి చీరలిచ్చి డబ్బాలు తీసుకున్నాను. వాటి మూతలు ఎంత బిగువంటే, ఒంటి చేత్తో లాగితే డబ్బా కూడా వెంటే వచ్చేది. మళ్ళీ మూతలు వదులుగానే పెట్టాను. మళ్ళీ కంట్రోలరే.

రూబీ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "కోతులకు పెట్టేదానికా అమ్మా నువ్వు కొట్టు నడిపేది? క్రిస్మస్‌కి వస్తా. అప్పటికీ ఇట్టాగే ఉంటే తాళమేసి నాతో వచ్చేయాల. అంతే."

ఈ మాట జబీవుల్లా బంకులోంచి విన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నీ డబ్బాలు కొన్నాళ్ళు నాకు కావాల."

"దేనికిరా?"

"మూతలు పరీక్ష చేసేదానికి. కోతులు నీ దగ్గరికే గదా వస్తా ఉండేది. నా బంకులో గొడుగులు తినవు గదా అవి."

"నా చెక్కలు పెట్టి నువ్వు ప్రయోగాలు చేస్తావా?"

"ఎవరి చెక్కలైనా కోతులే గదా తింటా ఉండేది. నా మూత వాటికి లొంగకూడదు, నీకు మాత్రం ఒంటి చేత్తో తెరుచుకోవాల."

"ఒంటి చేత్తో ఎందుకు?"

"గిరాకీ మీదుంటే ఒక చేత్తో చిల్లర ఇస్తా ఉంటావు గదక్కా!"

ఆ మాట నాకు తేనెలా తగిలింది. పైకి మాత్రం అతనికి నేనేదో ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి, సరేలే పొమ్మన్నాను.

ఆ రోజుల్లోనే అతనికి ఇంకో పిచ్చి కూడా పట్టింది. ఎడం చెయ్యి వీపు వెనక తువ్వాలుతో కట్టేసుకుని బంకులో కూర్చునేవాడు.

"ఏందిరా, పోలీసు స్టేషన్లోంచి పారిపోయి వచ్చినావా?" అన్నాను.

"నడుము నొప్పి అక్కా. చెయ్యి వెనక్కి పెట్టుకుంటే హాయిగా ఉండాది."

"పెట్టుకో. కట్టుకునేది దేనికి?"

"మర్చిపోయి ముందుకు తెచ్చుకుంటానని."

ఒక మనిషికి రెండు పిచ్చిలు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు గదా అనుకుని ఊరుకున్నాను.

మొదటి మూతకు తలుపుల మడతబందు వేశాడు. మరమేకు బిగిస్తుంటేనే ప్లాస్టిక్ పటుక్కున చీలింది. "చలికి బిగుసుకోని ఉండాది" అన్నాడు. మే నెలలో, ఉదయగిరిలో! "అవున్రా, శాలువా కప్పు దానికి" అన్నాను.

రెండోది సైకిల్ ట్యూబు ముక్కతో చేశాడు. అది చీలలేదు గానీ మూత ఎటు పడితే అటు జారేది. కంట్రోలరు ఆ సందులో చెయ్యి పెట్టి, మా ఇంటి అల్లుడిలా తీరిగ్గా గవ్వలు ఏరుకుని తిన్నాడు. పైగా వాసన. సీతారామపురం బస్సు దిగిన పెద్దాయన ఒకడు చెక్క కొరికి, "ఏందమ్మా, చెక్కలు పంచరు వాసనొస్తా ఉండాయి?" అన్నాడు. "నడిచేవాళ్ళకు మంచిది నాయనా, గాలి దిగదు" అన్నాను. మారు మాట్లాడకుండా తిని పోయాడు.

ఆ తర్వాత ఒక పాత నూనె క్యాను కోసి పట్టీ తీశాడు. కాల్చిన సైకిల్ పుల్లతో దాని మధ్యలో ఒక గీత నొక్కాడు. ఆ గీత దగ్గర ప్లాస్టిక్ కాగితంలా పలచబడింది. ఎన్నిసార్లు వంచినా అక్కడే వంగుతుంది గానీ తెగదు. ఆ పట్టీని గొడుగులు కుట్టే నైలాను దారంతో డబ్బాకూ మూతకూ కలిపి కుట్టాడు. కాపురం కుదిరింది. అది తెగుతుందేమోనని పొద్దస్తమానం వంచుతూ కూర్చునేవాడు, జపమాల తిప్పినట్టు. ఈలోగా వానలు పట్టుకున్నాయి. ఊళ్ళో గొడుగులన్నీ అతని బంకులో తడవకుండా భద్రంగా ఉన్నాయి. ఊరే తడిసింది.

మూత ఊడిపోకుండా ముందువైపు ఒక కొండి పెట్టాడు. నేను కొండి పైకి లాగితే డబ్బా మొత్తం లేచొచ్చింది. నాకు మొహం చెల్లలేదు.

"తప్పు డబ్బాది అక్కా" అన్నాడు వెంటనే. "తేలికరకం డబ్బా. నువ్వు బాగనే లాగినావు."

ఎన్ని మూతలు నా చేత కాకపోయినా ప్రతిసారీ తప్పు డబ్బాదో మూతదో అయ్యేది గానీ, నాది ఒక్కసారి కూడా కాలేదు. అది అతని తెలివి తక్కువతనం అనుకున్నాను. ఇక కంట్రోలరైతే ఆ కొండి తియ్యడం నేర్చుకుని, తీసి, తిని, మళ్ళీ కొండి వేసి పోయాడు. నేను అబద్ధం చెప్తే నా నోట్లో పురుగులు పడతాయి.

నవంబరు వచ్చింది. రూబీ నా కోసం గది సున్నం కొట్టించానని కబురు పెట్టింది. జబీవుల్లా పని మానేసి, గోడ మీద కోతులను చూస్తూ కూర్చునేవాడు. వాటికీ విసుగు పుట్టి ఇతన్ని చూస్తూ కూర్చునేవి. ఒక మధ్యాహ్నం చంకలో ఎవరిదో గొడుగు పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! కోతి లాగతాది, కొరకతాది, ఊపతాది. నొక్కదు!"

"ఏందిరా నొక్కేది?"

"ఇదీ!" అని గొడుగు బొత్తం నొక్కాడు. అది నా మొహం మీద భళ్ళున తెరుచుకుని మురుకుల పళ్ళెం ఎగరగొట్టింది. కంట్రోలరుకు ఆ రోజు కష్టపడకుండానే పండగ.

తిట్టడం అయ్యాక చూస్తే సంగతి అర్థమైంది. కొండి బదులు గొడుగు బొత్తం, దాని స్ప్రింగు. అరచేత్తో కిందికి నొక్కితే చాలు, మూత దానంతటదే లేస్తుంది. కిందికి నొక్కుతాం కాబట్టి డబ్బా ఎక్కడికీ లేచి రాదు. మళ్ళీ మూత మీద అరచెయ్యి వేసి అదిమితే టక్. నేను నొక్కాను. తెరిచాను. మూశాను. మళ్ళీ తెరిచాను. జబీవుల్లా చెవి పెట్టి వింటూ కళ్ళు మూసుకున్నాడు.

క్రిస్మస్ ముందు రూబీ దిగింది, నా సామాను కోసం ఖాళీ గోతాలు కూడా వెంటబెట్టుకుని. సరిగ్గా అప్పుడే కంట్రోలరు గోడ దిగాడు. చెక్కల డబ్బా పట్టుకుని లాగాడు. కొరికాడు. ఊపాడు. ఊడకపోయేసరికి డబ్బాను చంకన పెట్టుకుని రేకుల మీదికి ఎక్కాడు.

"చూసినావా అమ్మా? డబ్బాలతో సహా ఎత్తుకోని పోతా ఉండాయి!" అంది రూబీ.

బస్టాండు మొత్తం తలలెత్తింది. కంట్రోలరు పైన కూర్చుని డబ్బాను రేకులకేసి బాదాడు. తిప్పి చూశాడు. నొక్కలేదు. చివరికి ఒళ్ళు మండి కిందికి విసిరేశాడు. అది దొర్లుకుంటూ పోయి ఆత్మకూరు బస్సు చక్రం దగ్గర ఆగింది. జబీవుల్లా ఒంటి చేత్తో పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను రూబీ కళ్ళలోకి చూస్తూ, కుడి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాను. మూత లేచింది. లోపల చెక్కలు నలిగి పొడి పొడి. మూత మాత్రం చెక్కుచెదరకుండా మూతలాగే ఉంది. జనం ఈలలు వేశారు.

"బాగనే ఉండాది గానీ" అంది రూబీ చిన్నగా, "ఎడం చెయ్యేమైందమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మస్తాన్బీ వచ్చి మొగుడి మీద పడింది. "మూత కుదిరింది గదా, ఇంకనైనా ఆ తువ్వాలు ఊడదీయయ్యా! లిదియక్క ఒంటి చేత్తో పడే కష్టం ఏందో మనకూ తెలియాలని చెయ్యి కట్టుకోని కూర్చున్నాడు. ఇన్ని నెల్లూ చొక్కా గుండీలు నేనే పెట్టి చస్తా ఉండా!"

జబీవుల్లా ఎవరిదో గొడుగు తీసుకుని దాని లోపలికి చూస్తున్నాడు.

"ఎప్పటినించి తెలుసురా నీకు?" అన్నాను.

"ఏంది తెలిసేది?"

"నా చెయ్యి సంగతి."

"నీ చెయ్యికేమక్కా? నేను మొదట నీ నోటికి మూత చేద్దామనే మొదలుపెట్టినా. ఆ సైజు యాడా దొరకలా. మిగిలిన సామాను డబ్బాకేసినా."

రూబీ ముందు నవ్వింది. తర్వాత నేను. దాని గోతాలు దాని చేతిలోనే ఉన్నాయి. వాటిని మడిచి చంకన పెట్టుకుంటూ, "నాకూ ఒక డబ్బా చేసి ఇయ్యి జబీ మామా, మా వంటింట్లో చీమలు" అంది. అదే దాని ఒప్పుకోలు. ఇద్దరిదీ ఒకే నోరు, ఒకే పొగరు. అంతకంటే మెత్తగా మాట్లాడటం మా వంశంలో లేదు.

ఆ పూటే నా ఎడం చెయ్యి కొంగు కింద నుంచి తీసి, అందరూ చూసేట్టు చెక్కల డబ్బా మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా 'అయ్యో' అంటే నా నోరు నాకుంది గదా. దానికి ఇంకా మూత రాలేదు.

సాయంత్రం రూబీ ఆత్మకూరు బస్సెక్కింది, నేను లేకుండా, ఒళ్ళో కొత్త డబ్బాతో. డబ్బా పైన పెట్టమని కండక్టరును అడిగింది. ఆయన చెయ్యి చాపబోయి, మూత వంక చూసి, వేళ్ళు గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"అది జబీవుల్లా మూతేనా?" అన్నాడు. "మీరే పెట్టుకోండమ్మా. నాకింకా చాలా టిక్కెట్లు చింపే పనుండాది."