వాసన లేని చొక్కా

కరోనా మొదటి ఏడాది, వేసవి అయిపోతున్న రోజుల్లో, మా ఇంట్లో కొన్నాళ్ళు పోపు లేదు. కారణం జింకలు.

మేము జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మా పైన ఒక పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. జీవితమంతా ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. ఆయనకు ఉబ్బసం. మెట్ల మీద మా తలుపు దాకా వచ్చి ఆగి, జేబులోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చుకుని మళ్ళీ ఎక్కేవాడు. కరోనా వచ్చిన దగ్గర్నుంచి సొంత మనవల్ని కూడా బాల్కనీలోంచే చూసేవాడు. వాళ్ళు కింద నిలబడి చేతులూపి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆయన విల్లుతో వేటాడేవాడు. జర్మనీలో అది నిషేధం, ఫ్రాన్సులో కాదు. అక్కడి అనుమతి ఉండటంతో ఏటా రైన్ నది దాటి అటు వెళ్ళేవాడు. చెట్లెక్కితే ఉబ్బసం రాదని, మెట్లెక్కితేనే వస్తుందని ఆయన చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి. లాక్‌డౌన్‌లో ఇంట్లోంచి ఉద్యోగం చేసీ చేసీ విసుగెత్తిన నన్ను అడవిలోకి తీసుకెళ్ళి విల్లు పట్టడం నేర్పింది ఆయనే. అక్కడ రబ్బరు జింకలు, రబ్బరు పందులు నిలబెట్టి ఉంటాయి. ప్రాణమున్న దేన్నీ కొట్టే లైసెన్సు నాకు లేదు. రబ్బరు పంది కూడా నా వల్ల పెద్దగా నష్టపోలేదు.

ఆ ఏడు ఆయన నన్ను తోడు రమ్మన్నాడు. "హెర్ నాఖ్‌బార్, మీరు మోయండి, నేను ఎక్కుతాను" అన్నాడు. హెర్ నాఖ్‌బార్ అంటే పొరుగాయన గారూ అని. మూడేళ్ళుగా ఆయన నన్ను పిలిచేది అలాగే.

ఆయనది ఒకచోట మంచె కట్టుకుని కూర్చునే వేట కాదు. సామానంతా వీపున వేసుకుని నడవాలి. గాలి ఎటు వీస్తోందో చూసి చెట్టు ఎంచుకోవాలి. చిన్న చిన్న నిచ్చెన ముక్కలు చెట్టుకు కట్టుకుంటూ ఎక్కి, నడుముకు పట్టీ బిగించుకుని, తాడు ఆధారంగా కొమ్మకు ఆనుకుని ఉండాలి. గాలి మారితే అన్నీ విప్పుకుని ఇంకో చెట్టుకు పోవాలి. అందుకని సంచిలో పెట్టే ప్రతి వస్తువూ తేలికగా ఉండాలి, ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయకూడదు.

సంచి సర్దడంలో నేను ఎంత గొప్పవాణ్ణో నాకు అప్పుడే తెలిసింది. పాత పంచె చింపి నిచ్చెన ముక్కలకు చుట్టాను. గాలి వాటం చూడటానికి చల్లే పొడికి బదులు ఒక చిన్న సీసాలో బియ్యప్పిండి పోశాను. సంచి ఎత్తి ఊపేవాణ్ణి. ఏదో ఒకటి టక్కుమనేది. మొత్తం విప్పి మళ్ళీ సర్దేవాణ్ణి. ఆ రోజుల్లో ఆఫీసు మీటింగుల్లో నేను కెమెరా ఆపేయడానికి కారణం ఇదే.

మిగిలింది వాసన. జింక మనిషిని చూడకముందే వాసన పసిగడుతుందని పెద్దాయన చెప్పాడు. ఆయన మామూలుగానే చెప్పాడు కానీ నాకది మా వంటింటి గురించి చెప్పినట్టు వినిపించింది. ఇల్లు అద్దెకు చూడటానికి వెళ్ళిన ప్రతిచోటా మీ వంటలో మసాలాలు ఎక్కువా అని అడిగించుకున్నవాణ్ణి. ఫ్రాన్సు జింకలతో కూడా ఆ మాట అనిపించుకోదలచుకోలేదు. వాసన లేని సబ్బు తెప్పించి వేట బట్టలు ఉతికాను. మూత బిగిసే డబ్బాలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. పోపు పెట్టొద్దన్నాను.

"నువ్వు వేటకు పోతున్నవా, మడి కట్టుకుంటున్నవా?" అంది నా భార్య.

"నాలుగు దినాలే కదా."

"జింకలకు ఇంగువ తెల్వద్దని నేను ఉత్త పప్పు తినాల్నా?"

అయినా తిన్నది. రోజూ సాయంత్రం డబ్బా మూత తీసి చొక్కా ఆమె ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి. సోమవారం "ఇంగువ" అంది. మళ్ళీ ఉతికాను. మంగళవారం "మెంతులు, కొంచెం" అంది. మళ్ళీ ఉతికాను. బుధవారం చాలాసేపు పీల్చి "ఏం లేదు" అంది. నేను గెలిచాననుకున్నాను. ఆ పొద్దున ఆమె గొంతు మండుతోందని, ఒళ్ళు నొప్పులుగా ఉందని కూడా అంది. అది నేను వినలేదని చెప్పలేను. విన్నాను.

అదే సాయంత్రం బాల్కనీలో తాళ్ళు చుడుతుంటే పాలు మాడిన వాసన ఘాటుగా వచ్చింది. లోపలికి పరిగెత్తాను. ఆమె పొయ్యి పక్కనే స్టూలు మీద కూర్చుని పొయ్యికి వీపు పెట్టి ఫోను చూసుకుంటోంది. గిన్నె నల్లబడిపోయింది. పొగ లేస్తోంది. నేను పొయ్యి ఆపాక గానీ తలెత్తలేదు.

"అయ్యో, చూస్కోలె" అంది.

నాకు అర్థమైంది. అప్పటికి ప్రపంచంలో వాసన పోవడమంటే ఏమిటో తెలియనివాడు లేడు. నేను కిటికీ తెరిచి, గిన్నె నానబెట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యకుండా వెళ్ళి తాళ్ళు చుట్టాను. జలుబైతే కూడా ముక్కు పని చెయ్యదు కదా అనుకున్నాను. శనివారం తెల్లవారుజామున ప్రయాణం. ఇంతా సర్దాక ఆగిపోవడం నాకు అన్యాయంగా తోచింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వెనక్కి పోతోంది కానీ నాకు అప్పుడు తోచింది అదే.

గురువారం సామానంతా కింద సెల్లారులోకి దించాను. పెద్దాయన నా సంచి చూస్తానని అక్కడికి వచ్చాడు. కిటికీ లేని గది. ఒక్కొక్కటి తీసి చూశాడు. పంచె గుడ్డ మెచ్చుకున్నాడు. తర్వాత డబ్బా తెరిచి, చొక్కా చేతిలోకి తీసుకుని, మాస్కు గడ్డం కిందికి లాగి, గుండెల నిండా పీల్చాడు.

"ఏ వాసనా లేదు. అద్భుతం" అన్నాడు.

"థాంక్యూ" అన్నాను నేను.

శుక్రవారం పొద్దున నా భార్య కాఫీ కప్పు నా ముందు పెట్టి నిలబడింది.

"నాకు దీని వాసన వస్తలేదు. నిన్న రాత్రి సంది చూస్తున్న, ఏదీ వస్తలేదు. నీకు తెలుసా?"

నేను కాఫీ వైపు చూశాను.

"పాలు మాడిన్నాడే తెల్సు కదా నీకు?"

"అనుమానం."

"మరి ఆయన్ని సెల్లార్ల ఎందుకు కూసోబెట్టినవు? ఇన్‌హేలర్ లేంది మెట్లెక్కలేనోణ్ణి?"

ఆమె ఫోను నా చేతిలో పెట్టి బెడ్రూంలోకి వెళ్ళి పడుకుంది. తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"ఈ పొద్దున్నే" అన్నాను.

"మిట్‌వొఖ్!" అని బెడ్రూంలోంచి అరుపు వినిపించింది. బుధవారం అని. గొంతు మండుతున్న మనిషి అంత గట్టిగా అరవగలదని నేననుకోలేదు.

"బుధవారం అంటే నేను సెల్లారుకు రాకముందా?" అన్నాడు పెద్దాయన.

"అవును."

ఫోన్ పెట్టేశాడు.

టెస్టులో మా ఇద్దరికీ కరోనా అని తేలింది. నాకు తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. ఆమె మంచం దిగలేకపోయింది. ఆరోగ్య శాఖ వాళ్ళు ఫోన్ చేసి గడప దాటొద్దన్నారు. పెద్దాయనను కూడా ఇంట్లోనే ఉండమన్నారు. రోజూ పొద్దున ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి.

"జ్వరం?"

"లేదు."

అంతే, పెట్టేసేవాడు. ఎత్తని రోజు హాల్లో నిలబడి పైకప్పు వైపు చూసేవాణ్ణి. పైన కుర్చీ జరిగిన చప్పుడో, దగ్గో వినిపించేదాకా అక్కడే ఉండేవాణ్ణి. దగ్గు వినిపిస్తే ఇంకాసేపు ఉండేవాణ్ణి. అది పాత దగ్గా, కొత్తదా అని వినడానికి ప్రయత్నించేవాణ్ణి. పాత దగ్గును నేనెప్పుడూ సరిగ్గా వినలేదు కాబట్టి తేల్చుకోలేకపోయేవాణ్ణి.

ఆయనకు అంటుకోలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు.

అందరికీ గడువు తీరాక ఆయనే ఫోన్ చేశాడు. నేను ఎత్తగానే "మీ భార్యకు ఇవ్వండి" అన్నాడు. ఆమె ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఆమె నవ్వింది. నేను బయట నిలబడి ఉన్నాను.

"ఏమన్నడు?" అన్నాను ఆమె రాగానే.

"వచ్చే ఏడు వేటకు నన్ను రమ్మన్నడు."

"నిన్నా? నువ్వు చీమను చంపవు."

"అదే చెప్పిన. చంపుడు అవసరం లేదంట. ఆయన పైనున్నప్పుడు కింద నిలబడి తాడు చూసేటోళ్ళు కావాల్నంట. వదులైతే వదులైందని చెప్పాల్నంట."

"అది నేను చెప్పనా?"

ఆమె సోఫాలో కూర్చుని కాళ్ళు పైకి పెట్టుకుంది.

"చెప్తవు. రెండు దినాలు ఆగి."