తీగ తెగినచోట చప్పట్లు

మిర్యాలగూడ సైదులు గిటార్ మానేసినా కుడిచేతి గోళ్లు మాత్రం పెంచుతూనే ఉన్నాడు. ఏ పెళ్లి బరాత్‌లోనైనా ఆ బాణీ వినబడితే చాలు, ఆ గోళ్లతో టీ గ్లాసును పగిలేలా కొడతాడు. ముప్పై ఏళ్ల కింద ఒక క్యాసెట్ కోసం అతను కట్టిన మాటల్లేని బాణీ అది. సూర్యాపేట బ్యాండువాళ్లు క్లారినెట్ మీద వాయించారు, డీజేలు డప్పు కలిపారు. కట్టిందెవరని అడిగినవాడు లేడు. దాన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. రికార్డింగ్ రోజు బాణీ నడుమ తీగ తెగి, నాలుగు తాళం దెబ్బల ఖాళీ పడింది; క్యాసెట్ అలాగే బయటికొచ్చింది. ఆ ఖాళీని కూడా అందరూ భక్తిగా దించేశారు. అక్కడ జనం నాలుగు చప్పట్లు కొట్టడం ఆనవాయితీ అయింది.

మొన్న కోదాడ పెళ్లిలో ఇక ఆగలేక, ఆర్కెస్ట్రావాళ్ల గిటార్ లాక్కున్నాడు. తెగినచోట మొదటి స్వరం పలికించగానే కీబోర్డు వాయించే హరీష్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గీడ ఆగాలె కాకా. పాట తెల్వదా నీకు?"

"నాకు తెల్వదా? గాడ నా తీగ తెగిందిరా!"

మళ్లీ మొదటినుంచి, పళ్లు బిగించి వాయించాడు. ఆ చోటు రాగానే పెళ్లివాళ్లంతా చేతులెత్తి చప్పట్లు కొట్టారు. ఆ మోతలో, ముప్పై ఏళ్లు దాచుకున్న నాలుగు స్వరాలూ వాయించిన సైదులుకే వినబడలేదు.