చెంచా వెనక పేరు

డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో మా తాతల కాలంలో తయారైన స్టీలు చెంచాలు, ఫోర్కులు కూడబెట్టడం నా సరదా. మా పేట బెడోక్‌లోని లైబ్రరీలో కూర్చుని, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న విద్య ఇది. మా ఆవిడ సుగుణ మాత్రం వాటిని వంటింట్లోకి రానివ్వలేదు. "ఎవరెవరి ఎంగిలో!" అనేది. వాటితో ఇద్దరం కలిసి ఒక్కపూటైనా తినాలని నా కోరిక.

ఒకరోజు రైల్లో, అప్పుడే కొన్న చెంచాను చూసుకుని మురిసిపోతున్నాను. పక్కనున్న పెద్దావిడ చెయ్యి చాచింది.

"ఇటివ్వు బాబూ."

మాటల చివర 'లా' తగిలించే మలేషియా తెలుగు యాస. తీసుకోగానే చెంచాను వెనక్కి తిప్పింది. తెలిసినవాళ్లు ముందు చూసేది వెనకవైపేనని చదివాను కాబట్టి నాకు ముచ్చటేసింది.

"ఎవరి పేరిది?"

"చేసిన కంపెనీ ముద్ర, ఆంటీ."

"అది సరే లా, మీ ఇంటావిడ పేరేదీ? పేరు కొట్టించకపోతే ఊరందరి చెంచానే కదా!"

కొంగుతో దాన్ని తుడిచి, నా చేతిలో పెట్టి, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది.

పాత సరుకు మీద గీత కూడా పడకూడదని నేను చదివిన ప్రతి పుస్తకమూ చెప్పింది. అయినా ఆ సాయంత్రమే లిటిల్ ఇండియాలో గిన్నెల కొట్టుకు వెళ్లాను. కొట్టతను తమిళుడు. నేను రాసిచ్చిన తెలుగు అక్షరాలను చూస్తూ ముద్ర పక్కన చుక్కచుక్కగా కొట్టాడు.

"ఇదేంటి, నా 'గు' వంకరపోయింది!" అని సుగుణ నవ్వింది. చెంచా కడిగి పెరుగన్నంలో వేసుకుంది. "మరి మీదేదీ?" అంది.

ఆ ఆంటీ పేరు నేను అడగనేలేదు. తెలిసుంటే ఒక చెంచా ఆవిడ పేరున కూడా కొట్టించేవాణ్ణి.