మూడు పిలుపుల తర్వాత

అబ్దుల్ షుకూర్ ముప్పై ఏళ్లు కోర్టు అటెండరుగా పనిచేశాడు. కాపురం తెనాలిలో, ఉద్యోగం డెల్టాలోనే మరో ఊళ్లో. ఆ ఊరి పేరు రాయనని నాచేత మాట తీసుకున్నాడు కనక రాయడం లేదు. కేసు రాగానే వరండాలోకి వచ్చి పేరు పిలవడం ఆయన పని. మూడుసార్లు పిలవాలి. ఎవరూ రాకపోతే లోపలికెళ్లి "పలకలేదు సార్" అనాలి. మోతుబరి రైతుకైనా, గేదెల దొంగకైనా ఒకటే గొంతు. ముందు శ్రీ లేదు, వెనక గారు లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కాస్త గర్వం కనిపించేది.

రెండువేల ఐదులో ఒక సినిమా హీరో కారు భట్టిప్రోలు దగ్గర కాలవగట్టు మీద ఒక సైకిలును గుద్దింది. సైకిలు మీదున్న కూలీ బ్రహ్మయ్యకు కుడికాలు రెండుచోట్ల విరిగింది. హీరో తెర పేరు అభినవ్. కారు నడిపింది తాను కాదని, డ్రైవరు జార్జి అని ఆయన మొదటినుంచీ చెప్పాడు. జార్జి కూడా అదే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. డబ్బున్నవాడు తప్పును జీతగాడి మీదకు తోసేశాడని టీకొట్ల దగ్గర అనుకున్నారు, పేపర్లూ రాశాయి. పోలీసులు హీరో మీదే కేసు పెట్టారు.

షుకూర్ కూడా నమ్మలేదు. "చూస్తూండు, కోర్టులో దొరికిపోతాడు" అన్నాడు భార్య మున్నీసాతో.

"నడుపుతుంటే మీరు చూశారా ఏంటి?" అందామె.

ఆర్నెల్లలోనే కేసు విచారణకు వచ్చింది. పదేళ్లనాటి కేసులు అదే కోర్టు బీరువాల్లో ఉన్నాయి. ఆ రోజు ఎనిమిదింటికే కోర్టు ముందు రోడ్డు జనంతో నిండిపోయింది. గేటుకు అడ్డంగా తాడు కట్టారు. వాయిదాలకు వచ్చినవాళ్లంతా జనంతోపాటు బయటే ఉండిపోయారు. హీరోను మాత్రం వెనక తలుపులోంచి తీసుకొచ్చి గుమాస్తాల గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు.

హెడ్ గుమాస్తా షుకూర్‌ను పక్కకు పిలిచి, "పేరు పిలిచేటప్పుడు గారు అనవయ్యా, బావుంటుంది" అన్నాడు.

"ఇన్నేళ్లలో ఎవర్నీ అనలేదు సార్."

కాగితాల్లో హీరో అసలు పేరు బసవేశ్వరరావు. షుకూర్ ఆ పేరే పిలిచాడు. ఇంకెవరో అనుకుని జనం పట్టించుకోలేదు. తర్వాత మొదటి సాక్షి వంతు. "బ్రహ్మయ్యా!" అని మూడుసార్లు పిలిచాడు. జవాబు లేదు.

లోపలికెళ్లి ఆ రెండు ముక్కలు చెబితే ఆయన పని అయిపోయేది. కానీ పొద్దున బస్సు దిగి వస్తూ, చంకకర్రలతో రోడ్డు దాటుతున్న మనిషిని ఆయన చూశాడు. లోపల హీరో వకీలు అప్పుడే లేచి, సాక్షి రాలేదు కాబట్టి అంటూ మొదలుపెట్టాడు. షుకూర్ మెట్లు దిగి గేటు దాకా నడిచి, తాడు కింద నుంచి దూరి, రోడ్డు మీద నిలబడి నాలుగోసారి పిలిచాడు.

అవతల సోడాబండి నీడలోంచి ఒక చెయ్యి లేచింది. "పొద్దుట్నుంచీ చెప్తున్నానండీ సాక్షినని. సమన్లు చూపించినా రానివ్వట్లేదు" అన్నాడు బ్రహ్మయ్య.

షుకూర్ అతని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. మేజిస్ట్రేటు కోపంగా చూస్తే, "వచ్చాడు సార్. గేటు దగ్గర ఆపేశారు" అన్నాడు.

"కారు నడిపిందెవరు?" అని ప్రభుత్వ ప్లీడరు అడిగాడు.

బ్రహ్మయ్య హీరో వైపు చూశాడు. "ఈ బాబు కాదండి. ఈయన వెనక సీట్లో ఉన్నాడు. నన్నెత్తి కార్లో పడుకోబెట్టింది ఈయనే. నడిపింది ఇంకో అబ్బాయండి."

"పోలీసులకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"కారెవరిదని అడిగారండి. ఎవరు నడిపారని అడగలేదు."

హీరో నడపలేదని తేలగానే షుకూర్‌కు నీరసం వచ్చింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనకెందుకంత నిరాశగా ఉందా అని ఆలోచించాడు. బ్రహ్మయ్యను తీసుకొచ్చింది నిజం చెప్పడానికా, ఆ హీరోను పట్టించడానికా? జంపని ఊరు దాటేసరికి జవాబు తెలిసింది, సిగ్గు వేసింది. ఇంటికెళ్లి మున్నీసాతో, "నువ్వన్నదే నిజం. నేను చూళ్లేదు" అన్నాడు.

నెల తిరక్కుండా హీరో మీద కేసు కొట్టేశారు. కూలీని కొన్నారని ఊరంతా అంది. టిఫిన్ హోటల్లో ఒకాయన నవ్వుతూనే, "నీకెంతిచ్చారేంటి షుకూరన్నా?" అని అడిగాడు. విధులు వదిలి గేటు దాటినందుకు ఆఫీసు మెమో ఇచ్చింది. "సాక్షి బయట ఉన్నాడు కనక వెళ్లాను" అని ఒక్క వాక్యం రాసిచ్చాడు షుకూర్.

తర్వాత అదే ప్రమాదానికి జార్జి మీద కేసు పెట్టారు. బండి తానే నడిపానని, గేదె అడ్డం రావడంతో పక్కకు తిప్పానని అతనన్నాడు. హీరో పంపిన వకీలు రెండు వాయిదాలకు వచ్చి మానేశాడు. ఒకసారి మేజిస్ట్రేటు బదిలీ, ఒకసారి సమ్మె, ఒకసారి ఫైలు దొరకలేదు. జార్జి వాయిదా వాయిదాకూ పని మానుకుని వచ్చేవాడు. అతనికోసం గేటుకు ఎవరూ తాడు కట్టలేదు. కేసు ఉందని తెలిసి ఎవరూ డ్రైవరుగా పెట్టుకోలేదు. వలల దుకాణంలో మూటలు మోసి బతికాడు.

రెండువేల తొమ్మిదిలో షుకూర్ రిటైరయ్యాడు. ఆ ఏడే చివర్లో, జార్జి వాయిదా రోజున మామూలు మనిషిలా వెళ్లి వరండా బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాడు. బ్రహ్మయ్య వచ్చి గేదె అడ్డం రావడం నిజమేనన్నాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. మరుసటి వారం కేసు కొట్టేశారు.

ఆ కబురు తెలిసిన రోజు జార్జి తెనాలిలో షుకూర్ ఇంటికి వచ్చాడు. "ఆ బ్రహ్మయ్య మొదటి కేసప్పుడే వచ్చాడు కదండీ. నా సంగతి కూడా అప్పుడే అడిగుంటే సరిపోయేది కదండీ?" అన్నాడు.

"అన్నం తిన్నావా?" అని అడిగి, షుకూర్ మున్నీసాను కంచం పెట్టమన్నాడు.