రాములమ్మ సాక్ష్యం

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధిలోకి అడుగుపెడితే ఉలి చప్పుడు కంటే ముందు రాతిని కోసే మిషన్ల హోరు వినిపిస్తుంది. ఆ హోరు మధ్య ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, నీళ్లు చల్లుకుంటూ, రాతి మీద రాయి రుద్దుతూ మత్తయి నడివయసంతా గడిపాడు. విగ్రహం చెక్కేది నారాయణ. చెక్కిన దానికి నునుపు తెచ్చేది మత్తయి. ఆదివారం చర్చిలో కూర్చునే మనిషి వారమంతా వినాయకుడి తొండానికి పాలిష్ పట్టడమేందని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "చేతికి పని ఇచ్చినోడు దేవుడే గదప్పా. ఆ పని సక్రంగా చేయకపోతేనే ఆయనకు కోపం," అని నవ్వేవాడు.

అతని భార్య రాములమ్మ ఇలాంటి విషయాలను అంత తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అవ్వ పేరు పెట్టారు కాబట్టి రాములమ్మ అయింది గానీ, ఆమె పుట్టింది ప్రార్థన లేకుండా పొయ్యి వెలిగించని ఇంట్లో. శుక్రవారం ఉపవాస కూటం ఎవరింట్లో పెట్టినా ముందుగా పోయి చాపలు పరిచేది ఆమే. పేటలో ఎవరికి జ్వరమొచ్చినా తలమీద చెయ్యిపెట్టి, వీధి చివరికి వినపడేలా ప్రార్థించేది. మత్తయి ప్రార్థన మాత్రం పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినపడదు. పళ్లెం ముందు కళ్లు మూసుకుంటే పెదవులు సైతం కదలవు.

"నిద్రపోతాండావా, ప్రార్థన చేస్తాండావా?" అని ఆమె దెప్పేది.

"ఆయనకేం చెవుడు ల్యాదు లే మే," అనేవాడు.

ఒక ఎండాకాలం చివర్లో మత్తయి సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేవడం మొదలుపెట్టాడు. నడుములోకి పొడుస్తోందన్నాడు. వంగి చేసే పని కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నారు. కళ్లు పచ్చబడితే కామెర్లనుకుని ఆకుపసరు తాగించారు. నంద్యాలలో నర్సుగా పనిచేస్తున్న కూతురు జెస్సీ ఆదివారం ఇంటికి వచ్చి, తండ్రిని వాకిట్లోకి తీసుకెళ్లి, వెలుతురులో ఆయన ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. మరునాడు పొద్దున్నే వెంటబెట్టుకుని నంద్యాలకు పోయింది. అక్కడ స్కానింగ్ తీశాక కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు.

క్లోమానికి క్యాన్సర్ వచ్చింది. కాలేయానికి కూడా పాకింది. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఈ మాటలు చెప్పిన డాక్టరమ్మ మేజా అవతలి నుంచి లేచి వచ్చి, మత్తయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకోవచ్చనీ, ఇంట్లోనే ఉండి అయినవాళ్ల మధ్య గడపడం మంచిదనీ నిదానంగా చెప్పింది. మత్తయి తల ఊపి, "శానా మంచిగ చెప్పినావు తల్లీ," అన్నాడు. అలాంటి వార్త విని కూడా మంచిగా చెప్పావన్న మనిషిని చూసి జెస్సీ తట్టుకోలేకపోయింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

రాములమ్మ ఏడవలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆళ్లగడ్డ చేరకముందే ఒక నిశ్చయానికి వచ్చేసింది. ఇది జరగదు. డాక్టర్లు కాగితం చూసి చెప్తారు. దేవుడు కాగితం చూడడు.

ఆ వారం నుంచి ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. ఆమె పగలంతా ఉపవాసమే. చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని వచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్లు. తన భర్త లేచి తిరిగిన రోజున సంఘం ముందు నిలబడి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్తానని రాములమ్మ మొక్కుకుంది. ఏమేం చెప్పాలో, ఎక్కడ ఆపాలో, ఎక్కడ అందరిచేతా స్తోత్రం అనిపించాలో కూడా మనసులో సిద్ధం చేసుకుంది.

జెస్సీ ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చి తండ్రికి మార్ఫిన్ మాత్రలు వేళ తప్పకుండా ఇస్తూ ఉండేది. వాటితో అతను కుదురుగా నిద్రపోయేవాడు, నాలుగు ముద్దలు తినేవాడు, పేపరు చదివించుకునేవాడు. సెలవు అయిపోయాక ఏ మాత్ర ఎప్పుడు వేయాలో తల్లికి ఒకటికి రెండుసార్లు చెప్పి నంద్యాలకు పోయింది.

ఆ తరువాతే కోవెలకుంట్ల దగ్గర స్వస్థత కూటాలు జరిగాయి. రాములమ్మ భర్తను ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకెళ్లింది. ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు మత్తయి పొట్టమీద చెయ్యి వేసి, వదిలిపొమ్మని రోగాన్ని పెద్దగా గద్దించాడు. రోగం వదిలిపోయిందన్నాడు. వదిలిపోయిందని నమ్మినవాళ్లు ఇంక మందు జోలికి పోకూడదని కూడా అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. రాములమ్మ అందరికంటే గట్టిగా స్తోత్రం అంది. ఇంటికి రాగానే మాత్రల డబ్బా తీసి అటక మీద పెట్టింది.

మత్తయి చూశాడు. వద్దనలేదు.

మరునాడు బాగానే ఉన్నట్టు కనిపించాడు. అడిగితే "బాగుండా లే" అన్నాడు. ఆ పైరోజు మధ్యాహ్నం రాములమ్మ కుళాయి నీళ్లకు పోయింది. నీళ్లు త్వరగానే వచ్చాయి, అనుకున్న వేళకంటే ముందే బిందెతో ఇంట్లోకి వచ్చింది. మత్తయి గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. వీపంతా చెమట. తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకుని, పళ్లతో బిగబట్టి ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని ఆ తువ్వాలు తీసి తలకింద దాచబోయాడు. అంతలోనే ఆమె చూసేసింది.

బిందె దించిన సంగతి కూడా రాములమ్మకు తెలియలేదు.

"నొప్పుందని ఏమిటికి చెప్పల్యా నాకు?"

"చెప్తే నీ విశ్వాసం యాడ ఇరిగిపోతాదోనని."

"నా విశ్వాసం కోసరం నువ్వు ఇట్ల గుడ్డలు కొరుక్కుంటాండావా?"

అతను ఆమె వైపు తిరిగాడు. "మే, ఇను. నాకు నయం కావాలని నువ్వు అడుగు. వద్దనను. నేను అడిగేది వేరే. భయపడకుండా పోవాలని అడుగుతాండా. రెండూ ఇనేది ఆయనే గదా. ఏది ఇస్తాడో ఆయనిష్టం. ముందు ఆ డబ్బా తీ."

అటక మీది డబ్బా అందుకోవడానికి ఆమె పీట వేసుకుంది. మాత్ర వేసి, నీళ్లు పట్టించి, అది పనిచేసేదాకా అతని వీపు రాస్తూ కూర్చుంది. ఊపిరి కుదుటపడి అతను నిద్రలోకి జారుకున్నాక వెనక దొడ్లోకి పోయి తలుపు గడియ పెట్టుకుంది. ఆ నిశ్చయం చేసుకున్న నాటి నుంచీ ఆపుకున్నదంతా అక్కడ ఏడ్చింది. సాయంత్రం జెస్సీకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. జెస్సీ మాత్ర ఏ వేళకు వేసిందో అడిగి తెలుసుకుంది. చివరికి, "రేపు వస్తాండా మా. నువ్వు రోంత అన్నం తిను," అంది.

ఏడుపు తరువాత రాములమ్మకు కోపం వచ్చింది. ప్రసంగీకుడి మీద ఒక్కరోజులో తగ్గిపోయిన కోపం దేవుడి మీద తగ్గలేదు. చిన్నప్పటి నుంచీ నీ పనే చేశాను కదా, నేను అడిగింది ఇదొక్కటే కదా అని ఆయన్ను నిలదీసింది. శుక్రవారం కూటానికి పోలేదు. ఆడవాళ్లు వస్తే, ఆయన పడుకున్నాడని వాకిట్లోంచే పంపించేసింది. సంగతి తెలిసి పాస్టరు జయరాజు వచ్చాడు. ఆమె కాఫీ ఇచ్చి, స్తంభానికి ఆనుకుని నిలబడి సూటిగా అడిగింది.

"నా విశ్వాసం తక్కువైందా అయ్యగారూ? ఆయప్పకు నయం కానిది నా వల్లనేనా?"

జయరాజు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నా చిన్నబిడ్డ పోయినప్పుడు నేనూ ఇదే అడిగినానమ్మా. ఇన్నేండ్లయింది, బదులు దొరకల్యా. నీ విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటే మాత్రం నమ్మొద్దు. నేను చెప్పినా నమ్మొద్దు."

అతను బైబిలు వాక్యం చదవలేదు. మత్తయి పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఇద్దరూ మంచి వానలు పడ్డ పాత ఏళ్ల గురించీ, కె.సి. కాలువలో ఈత కొట్టిన సంగతుల గురించీ మాట్లాడుకున్నారు. పోయేముందు మత్తయి భుజం మీద చెయ్యి వేసి పోయాడు.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం రాములమ్మ వంటింట్లో గోంగూర ఒలుస్తుంటే లోపలి నుంచి మత్తయి గొంతు వినిపించింది. ఎవరితో మాట్లాడుతున్నాడోనని చెయ్యి ఆపి విన్నది. ఎవరూ లేరు. పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ పైకి వినపడని మనిషి ప్రార్థన చేస్తున్నాడు. గొంతులో సత్తువ లేదు గానీ మాటలు తెలుస్తూనే ఉన్నాయి.

"సామీ, ఆ మనిషికి కోపమొచ్చింది. నీ మీదనే. నీ మీద గాక ఇంగెవరి మీద పడతాది పాపం? నువ్వు రోంత ఓర్చుకో. మంచి మనిషి. నేను పోయినాక దాన్ని ఒంటిగ ఇడ్సొద్దు."

రాములమ్మ గోంగూర కట్ట అక్కడే వదిలేసింది. లోపలికి పోయి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. తానేమీ అడగలేదు, దేవుడికేమీ చెప్పలేదు. అతను ఆమేన్ అన్నప్పుడు మాత్రం తానూ అంది.

ఇంకో రోజు నారాయణ వచ్చాడు. పనివాళ్లందరి క్షేమం చెప్పి, చాలాసేపు మత్తయి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. రాతి దుమ్ముతో గరుకెక్కిన రెండు చేతులవి. లేచేముందు రాములమ్మ వైపు తిరిగి మొహమాటంగా అన్నాడు. "వదినా, మా ఇంట్లో మత్తయి పేరు చెప్పి రోజూ దీపం పెడతాండాము. మీకు పట్టింపు ఉంటాదేమోనని ఇన్నాళ్లు చెప్పల్యా."

మునుపటి రాములమ్మ అయితే ఏమనేదో మత్తయికి తెలుసు. కళ్లు తెరిచి భార్య ముఖంలోకి చూశాడు.

"పెట్టన్నా," అంది ఆమె. "ఆయప్ప మేలు కోరేటోళ్లు ఎంతమందుంటే అంత మంచిది."

మత్తయి నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అతను అన్నం మానేశాడు. జెస్సీ మళ్లీ వచ్చి ఉండిపోయింది. మాత్ర మింగలేకపోతే డాక్టరమ్మను ఫోన్‌లో అడిగి నాలుక కింద వేసే మందు తెచ్చింది. నొప్పి మాత్రం దగ్గరికి రాకుండా చూసింది. ఒకరోజు పొద్దెక్కాక మత్తయి కళ్లు తెరిచి భార్య కోసం చూశాడు. ఆమె పక్కనే ఉండి సన్నగా పాడుతోంది.

"గట్టిగ పాడు," అన్నాడు. "అంత సన్నగ పాడితే నువ్వు కాదనిపిస్తాంది."

ఆమె గట్టిగా పాడింది. శుక్రవారం కూటంలో పాడినట్టు, వీధి చివరికి వినపడేలా పాడింది. గొంతు పగిలినా ఆపలేదు. జెస్సీ తండ్రి మణికట్టు పట్టుకుని కూర్చుంది. పాట మధ్యలో ఒకచోట చెయ్యి వదిలి, తల్లి భుజం మీద తల ఆనించింది. రాములమ్మకు అర్థమైంది. అయినా చివరి చరణం దాకా పాడింది.

ఆ రోజు శిల్పాల వీధిలో మిషన్లు ఆపేశారు. పెట్టెను చర్చి మనుషులూ, నారాయణ పనివాళ్లూ భుజాలు మార్చుకుంటూ సమాధుల దొడ్డికి మోసుకెళ్లారు. మత్తయి ముఖంలో భయం లేదని చూడవచ్చినవాళ్లందరూ అన్నారు. అతను అడిగింది అతనికి దొరికిందని రాములమ్మకు అప్పుడు తోచింది. తాను అడిగింది దొరకలేదు. ఈ రెండూ నిజాలే. రెండిటినీ ఒకేచోట పెట్టుకుని బతకడం ఎలాగో ఆమెకు ఇంకా తెలియలేదు.

కొన్ని ఆదివారాల తరువాత చర్చిలో సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. అందరూ తలలు తిప్పారు. మునుపు సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది.

"నా భర్తకు నయం కాల్యా. ఏమిటికి కాల్యాదో నాకు తెల్దు. విశ్వాసమని చెప్పి నేను ఆయప్పకు మందు ఆపినా. నొప్పికి గుడ్డ కొరుక్కున్యాడు. మీరెవరూ అట్ల చేయొద్దండి. మందు ఇచ్చేది కూడా దేవుడే. ఆయప్ప భయం ల్యాకుండా పోయినాడు. దానికి దేవునికి స్తోత్రం. ఇంగ నేనే... నాకు కోపం ఇంగా పోల్యా. అది గూడా ఆయనకు తెలుసు."

కూర్చుంది. స్తోత్రం ఎక్కడ అనాలో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలోని ముసలావిడ పద్మమ్మ, "ఉన్నమాట చెప్పింది పిల్ల," అని పైకే అంది. జయరాజు ఆమేన్ అని, తరువాతి పాట నంబరు చెప్పాడు.

ఇప్పుడు రాములమ్మ ఆళ్లగడ్డలోనే ఉంటోంది. వారానికోసారి నంద్యాల బస్సెక్కి కూతురి దగ్గరికి పోతుంది. శుక్రవారం కూటాలకు మళ్లీ పోతోంది గానీ, చాపలు పరిచే పని వేరేవాళ్లు అందుకున్నారు. జబ్బుపడ్డవాళ్ల ఇంటికి పిలిస్తే పోయి కూర్చుంటుంది. ఎక్కువ మాట్లాడదు.

మొన్న జెస్సీ ఇంట్లో పొద్దున్నే కిటికీ దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటే, డ్యూటీకి బయల్దేరుతున్న కూతురు ఆగి అడిగింది.

"ఏం అడుగుతాండావు మా అంతసేపు?"

"ఏం అడగల్యా పాపా. నిన్న చేసిన పనులన్నీ చెప్తాండా. బెండకాయలు ముదిరిపోయినాయనీ, బస్సులో కూర్చునేకి సీటు దొరికిందనీ."

"దానికింత సేపా?"

"అవన్నీ మీ నాయనకూ చెప్పమని దేవునికి చెప్తా గదా," అంది రాములమ్మ, మళ్లీ కళ్లు మూసుకుంటూ. "నువ్వు పో, బేగా పో. బస్సు పోతాది."